ఒంటె బొక్క చదరంగం

శ్రీలతకు అబద్ధమంటే ఒళ్లు మంట. మనుషులు చెప్పే అబద్ధాలను ఎలాగోలా సర్దుకుపోయేది కానీ, వస్తువులు చెప్పే అబద్ధాలను అస్సలు ఓర్చుకునేది కాదు. గోల్కొండ సిపాయి నడుముకు ప్లాస్టిక్ బకిల్ కనబడిందా, ఆ పూట ఆమెకు అన్నం సయించదు.

పాత కాలాన్ని వేషాలతో, సామాన్లతో మళ్లీ ఆడి చూపించే బృందం వాళ్లది. శంషాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో, పెద్దింటి పెళ్లిళ్లలో, అతిథుల మధ్య పాదుషాల నాటి మనుషుల్లా తిరుగుతారు. బృందాన్ని నడిపేది రాఘవేందర్. సామాన్ల బాధ్యత శ్రీలతది. గగన్‌పహాడ్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కత్తులూ హుక్కాలూ తలపాగాలూ అన్నీ అక్కడే తయారుచేయించేది.

మస్కట్‌లో తెలుగువాళ్ల ఉత్సవానికి పిలుపు వచ్చిందని తెలిసిన రోజునే జగన్ ఆ షెడ్డుకు వచ్చాడు. మైలార్‌దేవ్‌పల్లిలో ఆటో నడుపుకుంటూ, పిలిచినప్పుడల్లా వచ్చి బృందంలో బల్లెం పట్టుకుని నిలబడే మనిషి. అతని భార్య ప్రేమలత మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోయి మూడేళ్లయింది. ఇప్పుడు కిడ్నీలు చెడిపోయి అక్కడి దవాఖానలో ఉంది. విమానం ఎక్కించే స్థితిలో లేదని డాక్టర్లు చెప్పేశారు.

"నన్ను గూడ తోల్కపో అక్కా. ఏం జెయ్యమన్నా జేస్త. సామాన్లు మోస్త. దాన్ని ఒక్కసారి కండ్ల జూసుకుంట," అన్నాడు జగన్.

రాఘవేందర్‌ను అడిగితే పెదవి విరిచాడు. "బల్లెం పట్టుకునేటోనికి వీసా ఎందుకు శ్రీలతా? గోడకు ఆనిచ్చినా నిలవడ్తది బల్లెం."

శ్రీలత ఊరుకునే రకం కాదు. వజ్రాల వర్తకుడితో గోల్కొండ అమీరు ఒకాయన చదరంగం ఆడుతూ బేరం చేసే ఘట్టం ఒకటి కొత్తగా అల్లింది. అమీరు వేషానికి జగన్‌ను చూపించింది. ముక్కూ మీసమూ బాగుంటాయి, తలపాగా పెడితే నిజంగానే జాగీర్దారులా ఉంటాడు. రాఘవేందర్ సణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం జగన్ ఆమె కాళ్లకు దండం పెట్టబోతే కసురుకుంది.

ఇక చదరంగం కావాలి. బజారులో దొరికే సెట్టును ఆమె చేత్తో కూడా ముట్టలేదు. ఆ రాజు నెత్తిన శిలువ ఉంటుంది, గళ్లు నలుపూ తెలుపూ ఉంటాయి. అవన్నీ తెల్లదొరల కాలంలో వచ్చిన సోకులు. నిర్మల్ కొయ్యబొమ్మలు తెప్పించి చూసింది. అంబారీ ఏనుగులు, కళ్లాల గుర్రాలు, ముచ్చటగానే ఉన్నాయి. జగన్ వాటిని చూసి, "కట్టెవి చాలక్కా, మంచిగున్నయి, తేలిక గూడ," అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. గోల్కొండ అమీరు ఇంట్లో బొమ్మల్లాంటి పావులు ఉండవని, కళ్లూ ముక్కూ లేని గుండ్రటి గుమ్మటాల్లా ఉండాలని, ఏనుగు దంతంతో చెక్కినవై ఉండాలని పట్టుబట్టింది. అసలు దంతం కొనడం నేరం. అందుకని పాతబస్తీలో ఒంటె ఎముక కొని పావులు చెక్కించింది. వాటిని టీ డికాషన్‌లో నానబెట్టింది. సగం పావులకు లక్క ఎరుపు పట్టించింది. ఎముక మీద సన్నటి నల్లటి చుక్కలు ఉంటాయి, దాని గుట్టు బయటపెట్టేవి అవే. వాటన్నిటినీ మైనంతో పూడ్చి, మెత్తటి గుడ్డతో రుద్ది రుద్ది నిగ్గు తేల్చింది. నలుపూ తెలుపూ లేకుండా ఉత్త గీతల గళ్లున్న ఎర్రటి గుడ్డ మీద ఆ పావులు పరిచిన రోజు ఆమెకు కడుపు నిండిపోయింది.

పావులు కుదిరాయి కానీ జగన్ కుదరలేదు. బృందంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఏ వస్తువు గురించి అడిగినా, ఆ కాలపు మనిషిలాగే జవాబు చెప్పాలి, నవ్వకూడదు. రిసార్టులో మొదటి ప్రదర్శన నాడు ఒక పెద్దమనిషి పావును చేతిలోకి తీసుకుని, ఇది దంతమేనా అని అడిగాడు. "కాద్సార్, ఒంటె బొక్క. మా అక్క డికాషన్ల నానవెట్టింది," అన్నాడు జగన్. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు.

రాఘవేందర్ నవ్వలేదు. "మల్లొకసారి గిట్లంటే తీసేస్త. మస్కట్‌ల నా ఇజ్జత్ పోతది," అన్నాడు శ్రీలతతో.

ఆనాటి నుంచి శ్రీలత జగన్‌ను వదిలితే ఒట్టు. టీ తాగుతుండగా, ఆటో తుడుస్తుండగా, వెనక నుంచి వచ్చి, పావులు చూపించి, గొంతు మార్చి గద్దించేది. "ఏందివి?" అతను తడుముకుంటే మళ్లీ మొదటికి. "అక్కా అంటవేంది? హుజూర్ అను. ఆలోచించకు. అడుగుడే ఆలస్యం, నోట్లకెంచి రావాలె." తప్పు పోయినప్పుడల్లా జగన్ మొహం మాడిపోయేది. ఈ ఒక్క మాట రాక ప్రేమలతను చూడకుండా అయిపోతుందేమోనని అతని బెంగ. చివరికి ఎంత బాగా పట్టుబడిందంటే, నిద్రలో లేపి అడిగినా చెప్పేటంతగా.

ప్రయాణం పొద్దుటి విమానానికి. ఎవరు వాడే వస్తువును వాళ్లే మోసుకోవాలనేది బృందం పద్ధతి. లగేజీలో వేస్తే పావులు పగులుతాయని శ్రీలతే జగన్ భుజాన సంచీలో పెట్టించింది. అతను మొదటిసారి ఎయిర్‌పోర్టు లోపలికి రావడం. కొత్త చొక్కా వేసుకున్నాడు. ప్రేమలతకు ఇష్టమని సకినాలు పెట్టుకున్నాడు. అవి పోనిస్తారో లేదోనని ఒకటే పరేషాన్. సంచీ యంత్రంలోంచి వచ్చాక ఒక అధికారి దాన్ని పక్కకు లాగాడు. మూతి విప్పి, ఎర్రటి మంత్రిని పైకెత్తి వెలుగులో తిప్పి చూశాడు.

"ఏంటివి?" అన్నాడు.

జగన్ నిటారుగా నిలబడ్డాడు. "ఏనుగు దంతం హుజూర్. మా తాతకు పాదుషా ఇచ్చిన ఇనాం."

వెనకే ఉన్న శ్రీలత చెవిన ఆ మాట పడింది. ముందు ఆమెకు కలిగింది గర్వం. అంత చక్కగా పలికాడు. ఆ తర్వాత అధికారి మొహం చూసింది.

"సార్, అది వేషం మాట సార్. నాటకంల మాట. అవి ఎముక సార్, ఒంటె ఎముక. నేనే చేయించిన," అంటూ ముందుకు తోసుకుని పోయింది.

వాళ్లిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. పెద్ద అధికారి ఒకాయన వచ్చి, భూతద్దం పెట్టి ఒక్కో పావునూ చూశాడు. కఠినంగా ఏమీ మాట్లాడలేదు.

"ఎముకైతే పైన నల్లటి చుక్కలుండాలమ్మా. ఇందులో ఒక్కటీ లేదే."

"నేనే మైనంతో పూడ్చిన సార్."

"ఎందుకు?"

"దంతం లెక్క కనవడాలని."

అన్నాక గానీ తెలియలేదు, తను ఏమందో. ఒకటి విరగ్గొట్టి చూడండి సార్, లోపల కనబడుతుంది అని బతిమాలింది. పట్టుకున్న వస్తువును విరగ్గొట్టే అధికారం మాకు లేదు, ల్యాబుకు పోవాలి, అన్నాడాయన. జగన్ అయోమయంగా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "నాది తప్పయింది సార్. బొక్కనే సార్. నా భార్య దవాఖానల ఉన్నది సార్, నన్ను పోనియ్యండి సార్," అన్నాడు. ఇందాక దంతమన్నావు, ఇప్పుడు ఎముక అంటున్నావు, ఏది నమ్మమంటావు అని అడిగాడు అధికారి. బయట విమానాలు ఒకదాని వెంట ఒకటి లేచిపోతున్నాయి. వాటిలో తమది ఏదో శ్రీలతకు తెలియలేదు.

పాస్‌పోర్టులు తమ దగ్గరే ఉంచుకుని, పిలిచినప్పుడు రావాలని చెప్పి ఇద్దరినీ పంపేశారు. మస్కట్‌లో ఆ ఘట్టాన్ని ఎవరో దొరికిన ప్లాస్టిక్ సెట్టుతో ఆడేశారు. చప్పట్లు బాగానే పడ్డాయని రాఘవేందర్ ఫోన్‌లో చెప్పాడు. ప్రేమలతను చూసి రమ్మని శ్రీలత అతన్ని ఎంత వేడుకున్నా తీరిక దొరకలేదన్నాడు.

ప్రేమలత వార్డులో మలయాళీ నర్సు ఒకామె జాలిపడి రోజూ వీడియో కాల్ కలిపేది. "యాడిదాంక వచ్చినవ్?" అని అడిగేది ప్రేమలత. గొంతు పూర్తిగా పోయింది, పెదాలను బట్టి తెలుసుకోవాల్సిందే. "వస్తున్న, వస్తున్న," అనేవాడు జగన్. శ్రీలత పక్కనే నిలబడి వినేది. తిడితే బాగుండుననుకునేది. అతను ఒక్క మాటా అనలేదు. ఒక పొద్దున నర్సు ఒక్కతే కనబడింది ఫోన్‌లో, ఏడుస్తూ.

పాస్‌పోర్టు లేదు కాబట్టి శవాన్ని తెచ్చుకోవడానికి కూడా అతను పోలేకపోయాడు. కాగితాలన్నీ అక్కడి తెలుగువాళ్లు తిరిగి తిరిగి చేయించారు. అవన్నీ అయ్యాక ల్యాబు నుంచి జవాబు వచ్చింది. ఒంటె ఎముక. పాస్‌పోర్టులూ పావులూ తిరిగి ఇచ్చేశారు. ఇక ఏ దేశమైనా పోవచ్చునన్నారు జగన్‌తో. శ్రీలత ఆ పావులను షెడ్డు పొయ్యిలో వేసి కాల్చేసింది. కాల్చినందువల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

శవపేటిక వచ్చిన రోజు మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు కార్గో దగ్గర ఎండ మండిపోతోంది. అంబులెన్సు గేటు దగ్గర ఆగి ఉంది. కిటికీ వెనక ఒక ఉద్యోగి కాగితాలు సరిచూసుకుని తలెత్తాడు.

"చనిపోయినావిడకు మీరేమవుతారు?"

జగన్ నోరు తెరిచి మూసుకున్నాడు. ఉద్యోగి మళ్లీ అడిగాడు. జగన్ కిటికీ చువ్వను గట్టిగా పట్టుకున్నాడు.

"భర్త సార్," అంది శ్రీలత.

"మీరు కాదమ్మా. ఆయన్ని చెప్పనివ్వండి. రూలు అది."

జగన్ నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. ఆ కళ్లలో కోపమన్నది లేదు, భయం ఒక్కటే ఉంది.

"ఏమని జెప్పాలె అక్కా?" అన్నాడు.