నాన్నకు అందించిన మాటలు

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, కండక్టర్ మామయ్య, నేను ఉన్నాం. మామయ్య మాకు చుట్టమేమీ కాదు. నాన్న నడిపే బస్సులో కండక్టర్. నాన్నను బావా అంటాడు కాబట్టి మామయ్య అయ్యాడు. మేం కాక ఆసుపత్రి నుంచి వచ్చిన సైకాలజిస్టు మేడమ్. నాన్న కాలి కట్టు ఇంకా విప్పలేదని ఆవిడే ఇంటికి వచ్చింది.

నాన్న డిపోలో బస్సు పైకెక్కే నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు విరిగింది, తలకి దెబ్బ తగిలింది. కాలు అతుక్కుంటుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. తల సంగతి మాత్రం పరీక్ష చేస్తేగాని తెలియదన్నాడు. ఆ పరీక్ష అయ్యాకే మళ్ళీ స్టీరింగ్ ఇవ్వాలో వద్దో చూస్తామని డిపో వాళ్ళు అన్నారు. నాన్నకి వేరే పని రాదు. నేర్చుకోవాలనీ లేదు.

పడ్డప్పటి నుంచి నాన్నకి మాటలు టక్కున దొరకడం లేదు. గ్లాసు కావాలంటే "అదీ, అదే" అంటూ గాలిలో చెయ్యి తిప్పుతాడు. నేను పక్కనుంచి మెల్లిగా అందిస్తాను, చాలాసార్లు నాన్న వెతుక్కోకముందే. బయటివాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. నాన్న దగ్గర మాత్రం ఆ పని నాదే అనుకున్నాను.

మేడమ్ ముందు గదిలో టీవీ ఆపించింది, వెలుతురు నాన్న కళ్ళలో పడకుండా కుర్చీ జరిపింది. మమ్మల్ని లోపలి గదిలోకి వెళ్ళమంది. తలుపు వేస్తే కొడుక్కి కళ్ళు తిరిగినా తెలియదని నానమ్మ పట్టుబట్టింది. సరే, తెరిచే ఉంచండి, ఎవరూ మాట్లాడకూడదంది మేడమ్. నేను గుమ్మంలో, ఆవిడ వీపు వెనక నిలబడ్డాను.

"దీని ఫలితం డిపోకి వెళ్తుందండీ. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఆపేస్తాను," అంది నాన్నతో.

"పంపండి. దాచుకోడానికేముంది?" అన్నాడు నాన్న.

బొమ్మలు చూపించి అలాగే గియ్యమంది. కొన్ని అంకెలు చెప్పి, వాటిని వెనక నుంచి చెప్పమంది.

"వెనక నుంచెందుకట?" నానమ్మ గొణిగింది.

"రివర్సులో బావని మించినవాడు డిపోలోనే లేడు లెండి," అన్నాడు మామయ్య.

"ఇద్దరూ కాస్త నోరు మూసుకుంటారా?" అంది అమ్మ.

నాన్న తప్పు చెప్పినా, ఒప్పు చెప్పినా మేడమ్ "సరే" అనే అంటోంది. ఆ సరే ఒక్కసారి కూడా మారలేదు. నేను చెవులు రిక్కించి విన్నాను.

తర్వాత కొన్ని మాటలు చదివింది. తాళం, మబ్బు, చెంచా, గొడుగు, అలా ఇంకొన్ని. వెంటనే చెప్పమంటే నాన్న సగం దాకా చెప్పాడు. మళ్ళీ చదివింది. మధ్యలో వేరే పనులేవో చేయించి, ఇందాకటి మాటల్లో గుర్తున్నవి చెప్పమంది.

"తాళం," అన్నాడు నాన్న. "మబ్బు." అక్కడ ఆగిపోయాడు. నుదురు రుద్దుకున్నాడు. కళ్ళు ఎత్తి గుమ్మం వైపు చూశాడు.

మా ఊరి బడికి ఎవరైనా తనిఖీకి వస్తే, జవాబు తెలియక నిలబడ్డవాళ్ళకి మేం పెదాలతోనే అందించేవాళ్ళం. మాస్టారు కావాలనే కిటికీ వైపు తిరిగేవారు. ఇక్కడ మాట్లాడొద్దన్నారు. నేను మాట్లాడలేదు. పెదాలు కదిపాను.

"చెంచా," అన్నాడు నాన్న. "గొడుగు."

మిగతావీ అలాగే చెప్పాడు, ఒక్కటీ పోలేదు. మేడమ్ చదివిన వరుస కూడా తప్పలేదు. నా వెనక మామయ్య పిడికిలి బిగించి "అదీ!" అన్నాడు.

మేడమ్ సరే అనలేదు. పెన్ను కింద పెట్టి, కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఇది లెక్కలోకి రాదమ్మా," అంది. గొంతులో కోపం లేదు. "ఇంత కష్టంగానే ఉండే మాటలు ఇంకో జత ఉన్నాయి. కాసేపాగి అవి అడుగుతాను. ఇలా జరిగిందని కూడా రాస్తాను."

"మేడమ్, బస్సు నడపడానికి చెంచాలూ గొడుగులూ ఎందుకండీ?" మామయ్య ముందుకొచ్చాడు. "మా బావకి దారంతా కళ్ళు మూసుకున్నా తెలుసు."

"కళ్ళు మూసుకుని నడపనివ్వరు కదండీ. ఇది డ్రైవింగు పరీక్ష కాదు. ఇప్పుడే విన్నది ఆయనకి ఎంతసేపు నిలుస్తోందో చూస్తున్నాను. దీనొక్కదానితో ఏదీ తేల్చరు. డాక్టరు చూస్తారు, రోడ్డు మీదా చూస్తారు. కానీ అందరినీ ఒకేలా అడగాలి, జవాబు ఆయనదే కావాలి. ఇందాక నేను కొలిచింది ఈ అమ్మాయి జ్ఞాపకాన్ని."

"దానికి బాగానే గుర్తుందిగా! ఆ మార్కులే వేసెయ్యి తల్లీ," అంది నానమ్మ.

నాన్న నా వైపే చూస్తున్నాడు.

"నా అంతట నేను ఎన్ని చెప్పాను?"

నేను తల దించుకున్నాను.

"నిన్నే. ఎన్ని?"

"రెండు."

"నేనూ అంతే అనుకున్నా," అన్నాడు.

"ఇంక అందించను నాన్నా. ఊరికే నిలబడతా."

"నువ్వు కనిపిస్తే నేను వెతుక్కోను. నీ మొహమే చూస్తా." అన్నాడు. "రేపు రోడ్డు మీద ఎవడో పిల్లాడు అడ్డం పడితే, బ్రేకు నొక్కమని ఎవరు చెప్తారు? నా ఒళ్ళో కూర్చుంటావా?"

"ఊరుకో బావా, చిన్నపిల్ల," అన్నాడు మామయ్య.

"నువ్వూ లోపలికి పోరా. నాకు బ్రేకు గుర్తు రాకపోతే, ఆ బండిలో వెనక నిలబడేది నువ్వే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న కర్ర అందుకుని లేచాడు. మేడమ్ పట్టుకోబోతే వద్దన్నాడు. కట్టు కాలు నేలకి ఆనకుండా ఒక్కో అడుగూ వేసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నేను చెయ్యి చాపాను. పట్టుకోలేదు.

"వెళ్ళి అమ్మ దగ్గర కూర్చో తల్లీ."

నేను గుమ్మం లోపలికి ఒక్క అడుగు మాత్రం వేశాను. నాన్న కర్ర గోడకి ఆనించి, రెండు చేతులతో తలుపు మూసేశాడు.