మొదటి సంవత్సరం ఆంటీ

"సేవే చెయ్యాలనుంటే ఇంట్లో చెయ్యొచ్చుగా, దానికి ఊరి మీద పడాలా?" అన్నాడాయన, ఇస్త్రీ బల్ల మీద నుంచి తన చొక్కా ఇంకా వేడిగా ఉండగానే అందుకుంటూ.

ఆమె రెండో చొక్కా పరిచింది. మాట తగల్లేదా అంటే తగిలింది. కానీ ఆదివారం పొద్దున్నే ప్రతి మాటకీ జవాబు చెబుతూ కూర్చుంటే బస్సు తప్పిపోతుంది. మధ్యాహ్నం ఆడపడుచు కుటుంబం భోజనానికి వస్తోంది. అందుకని తెల్లారకముందే లేచి వంటంతా చేసి, గిన్నెలకి మూతలు పెట్టేసింది. అత్తగారి మాత్రలు మంచం పక్కన పెట్టింది. ఇక మిగిలింది వడ్డన. ఆ వడ్డనకి ఆమె లేకపోతే ఇంటి పరువు గంగలో కలిసిపోతుందట! "వండినదాన్ని గిన్నెలోంచి కంచంలోకి వేసుకోవడానికి నేనెందుకండీ?" అని రాత్రే అడిగింది. "అది కాదోయ్, వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడాయన. పాతికేళ్లుగా ఆ ఇంట్లో వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని కనిపెట్టుకుని ఉండటంతోనే సరిపోయింది. ఉన్నమనిషి ఏమనుకుంటుందో అడిగే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఉన్నమనిషి మాత్రం చాలానే అనుకుంది. పెళ్లితో ఆగిపోయిన చదువు గురించి అనుకుంది. ఆయన ఆఫీసు రిపోర్టులు ఏళ్ల తరబడి టైపు చేసిపెడుతూ, వాటిలో తప్పులు దిద్దుతూ, కొన్నిసార్లు మొత్తం తనే తిరగరాస్తూ అనుకుంది. ఆయనకి ప్రమోషన్ వచ్చిన రోజు వచ్చినవాళ్లందరి ముందూ "మా ఆవిడకి ఓపికెక్కువండీ" అని మెచ్చుకున్నాడు. ఓపికట! తెలివికి ఆ ఇంట్లో పెట్టిన పేరు అదీ. కొడుకు హాస్టల్‌కి వెళ్లిన ఏడు ఆమె ఎవరికీ చెప్పకుండా కాలేజీ ప్రవేశపరీక్ష రాసింది. చరిత్రలో ఆనర్స్ సీటు వచ్చింది, అదీ మార్కుల మీద. ఆయన కాదనలేదు పాపం. "మా ఆవిడ కూడా స్టూడెంటేనండోయ్, మొదటి సంవత్సరం!" అని పక్కింటివాళ్లకి చెప్పి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని ఆ రోజు ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆనర్స్ పిల్లలకి మామూలు క్లాసులతోబాటు ఇంకో బాధ్యత ఉంది. మ్యూజియానికో, నాటకానికో అందరూ కలిసి వెళ్లాలి. ఊరికి పనికొచ్చే పని ఏదైనా అందరూ కలిసి చెయ్యాలి. రెండు సార్లు రాకపోతే ఆనర్స్ సీటు పోయినట్టే, మామూలు సెక్షన్‌లో కలిపేస్తారు. వీటన్నిటినీ చూసే మేడం ఆమెకంటే పదేళ్లు చిన్నది. "మీరు పెద్దవారని నిబంధన మార్చలేనండీ" అంది మొదటి రోజే. "మార్చమని అడిగితే నన్నెందుకు చేర్చుకున్నామా అని మీరే అనుకుంటారు" అంది ఆమె. మేడం గలగలా నవ్వేసింది.

ఇంత మాటన్న మనిషి మొదటిదానికే వెళ్లలేకపోయింది. మ్యూజియానికి బయల్దేరుతుంటే అత్తగారికి మోకాలి నొప్పి లేచింది. "నువ్వు ఇంట్లో ఉంటే నాకదే ధైర్యం అమ్మాయ్" అందావిడ, చెయ్యి పట్టుకుని. ఆ మాటకి కరిగిపోయి ఉండిపోయింది. మధ్యాహ్నానికి ఆ ధైర్యం ఎంత బాగా పనిచేసిందంటే, అత్తగారు మూడు వీధులు నడిచి స్నేహితురాలింటికి కబుర్లకి వెళ్లొచ్చారు. ఆవిడ మీద కోపం రాలేదు. నిజమో కాదో చూడకుండానే ఉండిపోయిన తన మీద వచ్చింది. ఒక అవకాశం అలా పోయింది. ఇవాళ పొద్దున పని, సాయంత్రం నాటకం, రెండూ కలిపి ఒకటే లెక్క. ఇవాళ్టిది పోతే సీటు పోయినట్టే.

అందుకే రెండో చొక్కా హ్యాంగర్‌కి తగిలించి, ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపి, "వెళ్లొస్తానండీ" అంది. అడిగినట్టు కాకుండా చెప్పినట్టే అంది.

పని జరిగేది ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్ల మధ్య ఉన్న చిన్న గ్రంథాలయంలో. చదువుకునే గది గోడలకి రంగులు వెయ్యాలి. ఆమె వెళ్లేసరికి పిల్లలందరూ పాత బట్టల్లో, తలలకి గుడ్డలు కట్టుకుని గోలగోలగా ఉన్నారు. క్లాస్ లీడర్ కత్తిరించిన జుట్టు, గట్టి గొంతు ఉన్న పిల్ల. చలాకీది. అందరికీ పనులు పంచుతూ ఆమె దగ్గరికి వచ్చేసరికి గొంతులో తియ్యదనం నింపుకుంది. "ఆంటీ, మీరు టీల సంగతి చూసుకుంటారా? వెనక గదిలో స్టవ్ ఉంది. మీరు శ్రమపడక్కర్లేదు, మీ హాజరు సంగతి నేను చూసుకుంటాగా!"

ఆ పిల్ల మనసులో ఏమీ లేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది. ఎవరూ చెప్పకుండానే, ఎవరినీ అడగకుండానే, స్టవ్ ఉన్న గదికీ తనకీ ఈ పద్దెనిమిదేళ్ల పిల్ల ముడేసేసింది. వాళ్లింట్లో కూడా ఒకావిడ ఉండే ఉంటుంది, శ్రమపడక్కర్లేకుండా పొద్దస్తమానం శ్రమపడే ఆవిడ. మొహమాటానికి పోయి ఇవాళ టీ పెడితే నాలుగేళ్లూ టీలు పెడుతూనే ఉండాలి. డిగ్రీ వస్తుంది నిజమే, టీ పొడిలోనే వస్తుంది.

"నిచ్చెన మీద ఎవరున్నారు?" అని అడిగింది.

"ఇంకా ఎవరూ లేరు. పైన కిటికీ పక్కన వెయ్యాలి. కానీ ఆంటీ..."

"బ్రష్ ఇలా ఇవ్వమ్మా. టీ ఎవరికి కావాలో వాళ్లు పెట్టుకుంటారు, నాకూ ఒకటి పెట్టమను."

ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కింది. కింద ఇద్దరు నిచ్చెన పట్టుకున్నారు. మొదటి పూత కారిపోయి గోడంతా చారలు పడ్డాయి. "బ్రష్ డబ్బా అంచుకి రాసి తీయండి" అని కింద నుంచి ఎవరో అరిచారు. రాసి తీసింది. రెండో పూత నిలిచింది. ఇంట్లో గోడలు ఎన్నిసార్లు తుడిచిందో, వాటికి ఏ రంగు వెయ్యాలో మాత్రం ఒక్కసారీ ఎవరూ అడగలేదు. ఈ పచ్చ రంగు ఎవరు ఎంచుకున్నారో గానీ ఆమెకి తెగ నచ్చింది. మధ్యాహ్నానికి కిటికీ చుట్టూ పూర్తయింది. భుజం పట్టేసింది. ముక్కు మీద రంగు చూసి పిల్లలు నవ్వితే ఆమె మనస్ఫూర్తిగా నవ్వింది.

సాయంత్రం అక్కడినుంచి అందరూ నాటకశాలకి వెళ్లారు. హాల్లోకి బ్యాగులు తీసుకెళ్లనివ్వరట. దాచిపెట్టే కౌంటర్ దగ్గర పెద్ద వరస ఉంది. మొదటి గంట కొట్టేశారు. పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, చివరికి అందరూ ఆమె మొహం చూశారు. ఒక బ్యాగు ఆమె కాళ్ల దగ్గర పడింది, దాని మీద రెండోది, చూస్తుండగానే గుట్టయింది.

"ఆంటీ, ప్లీజ్! ఇంటర్వెల్ దాకా మీరు ఇక్కడ కూర్చోండి. తర్వాత మాలో ఒకళ్లు వస్తారు" అంది లీడర్ పిల్ల.

"ఇంటర్వెల్ లేదమ్మా ఈ నాటకానికి. బయట బోర్డు మీద రాశారు."

లీడర్ పిల్ల నాలిక కరుచుకుంది. ఆమె గుట్టలోంచి తన సంచీ ఒక్కటీ తీసుకుని భుజానికి తగిలించుకుంది. "నేనూ మీతోబాటు మొదటి సంవత్సరమే. నాకూ హాజరు కావాలి, నాకూ నాటకం చూడాలనుంది. ఎవరి బ్యాగు వాళ్లు తీసుకుని వరసలోకి రండి. తొందరగా వస్తే అందరికీ అందుతుంది" అని నడిచి వెళ్లి వరసలో నిలబడింది. వెనక దబదబా అడుగులు వినిపించాయి. లీడర్ పిల్ల వచ్చి ఆమె వెనకే నిలబడి, మెల్లిగా "సారీ ఆంటీ" అంది. "మిమ్మల్ని ఏమని పిలవాలి మరి?" అని అడిగింది. "ఆంటీ అనే పిలువు. పిలుపుతో నాకేం తగాదా లేదు, దాంతోబాటు అంటగట్టే పనితోనే" అంది ఆమె.

సంచీ ఇచ్చేసి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. ఆయన.

"వాళ్లు రాత్రి భోంచేసి వెళ్తామంటున్నారోయ్. వదినేదీ, వదినేదీ అని చెల్లెలు ఒకటే అడగడం. తొందరగా వచ్చెయ్."

వస్తున్నా అనే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. పాతికేళ్ల అలవాటు, దానికి పిలవాల్సిన పనే లేదు. తలుపు దగ్గర ఉన్నతను "లోపలికి వెళ్లేవాళ్లు వెళ్లండి, మూసేస్తున్నాం" అంటున్నాడు. లోపల మేడం వెనక్కి తిరిగి వరసలు చూస్తోంది. ఇప్పుడు బస్సెక్కితే రాత్రి వంట టైముకి ఇంట్లో ఉండొచ్చు. రేపు మామూలు సెక్షన్‌లోనూ ఉండొచ్చు. అప్పుడు కూడా ఆయన నవ్వుతాడు, "మా ఆవిడ స్టూడెంటేనండోయ్" అని.

"నాటకం మొదలవుతోందండీ. అయ్యాక దాని మీద మేమంతా మాట్లాడాలి. నేనొచ్చేసరికి ఆలస్యమవుతుంది."

"మరి వంట?"

"మీ చెల్లెలు ఆ ఇంట్లోనే పెరిగింది, ఏ డబ్బా ఎక్కడుంటుందో ఆవిడకి తెలుసు. కూర తరగడం మీకొచ్చు, పెళ్లికి ముందు వండుకునేవాణ్ణని మీరే చెప్పారు."

"బాగానే ఉంది సంబడం! వాళ్లకేం చెప్పమంటావు?"

"క్లాసులో ఉందని చెప్పండి."

తలుపు దగ్గరతనికి వస్తున్నానని సైగ చేసింది. "ఏమండీ, ఇంకొక్క మాట" అంది.

"చెప్పు, వస్తున్నావా?" ఆయన గొంతులో ఆశ లేచింది.

"నాకు అన్నం ఉంచండి" అని ఫోను పెట్టేసి, లోపలికి వెళ్లింది.