ఆవిడకి విమానమంటే భయమట

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండమ్మా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, ఎక్కడికీ పారిపోదు. మీరు కూడా తలా గుప్పెడు బీన్సు తీసుకుని తుంచుతూ వినండి. ఈ కథ మొదలైంది కూడా ఒక ఆదివారం పొద్దున, బీన్సు తుంచుతుండగానే.

తుంచుతున్నది ఆ ఇంటి పెద్ద కోడలు. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఆవిడకి ఉంది గానీ, ఆ ఇంట్లో దాన్ని పలికి చాలా ఏళ్ళయింది. మరిది ఒకసారి వేళాకోళానికి "మా కార్డులమ్మ" అన్నాడు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది, ఆ పేరే అతుక్కుపోయింది. ఎదురుగా మొగుడు టీ తాగుతూ, ఫోన్లోంచి తల ఎత్తకుండా ఒక మాటన్నాడు.

"సెలవుల్లో మన ప్రయాణానికి తమ్ముడు వాళ్ళు కూడా వస్తారట. అమ్మని కూడా తీసుకెళ్దాం. అందరికీ పాయింట్లు సరిపోతాయో లేదో చూడు."

ఆవిడ చేతిలో బీన్సుకాయ సగంలో ఆగింది. సరిపోయేవే. వారం కిందటిదాకా సరిపోయేవే. ఇప్పుడు ఒక సీటు తక్కువ పడుతుంది. ఆ ఒక్క సీటూ ఎక్కడికి పోయిందో ఆవిడకొక్కతెకే తెలుసు.

"చూస్తాను" అంది. తుంచిన కాయలు గిన్నెలోనూ, పీచులు పళ్ళెంలోనూ వేయాల్సినది, తారుమారు చేసి వేసింది.

ఈ పాయింట్ల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. క్రెడిట్ కార్డు మీద ఏం కొన్నా బ్యాంకువాడు కొన్ని పాయింట్లు వేస్తాడు. అవి పోగైతే విమానం టిక్కెట్లు వస్తాయి. ఒక్కో కార్డుకి ఒక్కో గుణం. ఒకటి సరుకులకి ఎక్కువ ఇస్తుంది, ఇంకొకటి పెట్రోలుకి. మొదటి కార్డు తెచ్చినవాడు మొగుడే. కాగితాలు నింపాల్సి వచ్చేసరికి, "నీ పేరునే పెట్టెయ్, నాకెందుకా గోల" అన్నాడు. ఆ గోల అలా ఆవిడకి వచ్చింది. తర్వాత ఒకటి వెనక ఒకటి చేరాయి. వాటిని పాత కళ్ళజోడు పెట్టెలో దాచేది. ఏది దేనికో ఎవరికీ గుర్తుండదు కాబట్టి గోళ్ళ రంగుతో చుక్కలు పెట్టింది. ఎర్ర చుక్కది సరుకులకి, తెల్ల చుక్కది పెట్రోలుకి, చుక్క లేనిది ఆసుపత్రి లాంటి పెద్ద ఖర్చులకి. మొగుడు బయటికెళ్తూ గుమ్మంలో నిలబడి చెయ్యి చాపేవాడు. "తెల్ల చుక్క" అంటే తెల్ల చుక్కది చేతిలో పెట్టేది. మరిది ఫ్రిజ్ కొన్నా ఆవిడ కార్డే, తోడికోడలు పిల్లల ఫీజు కట్టినా ఆవిడ కార్డే. వాళ్ళు ఆ డబ్బు తీరిగ్గా, విడతలు విడతలుగా ఇచ్చేవాళ్ళు. బ్యాంకువాడు మాత్రం తీరిగ్గా ఆగడు కదమ్మా. ఏ కార్డుకి ఏ తారీఖున కట్టాలో ఆవిడ తలలోనే తిరుగుతుండేది, పొయ్యి మీద పాలతో పాటు.

ఒకే ఒక్కసారి మరిచిపోయింది, కూతురికి జ్వరం వచ్చిన వారంలో. బ్యాంకువాడు జరిమానా వేశాడు. జ్వరం తగ్గిపోయింది గానీ ఆ జరిమానా ఇప్పటికీ ఆ ఇంట్లో బతికే ఉంది. ఎప్పుడు ఆవిడ నోరు తెరిచినా, "ఆ రోజు జరిమానా కట్టించిన మనిషివి నువ్వు చెప్పకు" అని మొగుడు దాన్ని లేపి కూర్చోబెడతాడు.

అలా పోగైన పాయింట్లతో మొదటిసారి అందరూ విమానం ఎక్కే రోజు వచ్చింది. ఒక్క సీటుకి తక్కువ పడ్డాయి. ఎవరు ఆగిపోవాలని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. కూతురు చిన్నది. "అమ్మ ఎందుకు రావట్లేదు?" అని గుమ్మంలో ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టడానికి మొగుడు, "మీ అమ్మకి విమానమంటే భయంరా తల్లీ! ఎక్కితే కేకలు పెట్టేస్తుంది" అన్నాడు. పిల్ల నవ్వింది. పిల్ల నవ్విందని తల్లీ నవ్వింది. ఆ నవ్వే ఆవిడ చేసిన సంతకం అయిపోయింది. రెండోసారికి పాయింట్లు అందరికీ సరిపడా ఉన్నాయి. కానీ అప్పటికి ఆ భయం నిజమై కూర్చుంది. "నువ్వెలాగూ ఎక్కవు కదా, ఇల్లు చూసుకుంటూ ఉండు" అన్నారు అత్తగారు, జాలిగానే. చుట్టపక్కాలకి కూడా అదే చెప్పారు. ఆఖరికి ఎవరైనా అడిగితే ఆవిడే, "నాకు విమానమంటే కొంచెం భయమండీ" అనసాగింది. నేలమీంచి ఎగిరిన విమానం లోపల ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనిషి!

టిక్కెట్లు తీసేది మాత్రం ఆవిడే. అత్తగారికి నడవ పక్కన, మోకాలు చాచుకోవాలి. మొగుడికీ నడవ పక్కనే, మాటిమాటికీ లేస్తాడు. తోడికోడలికి ముందు వరసలో, వెనకైతే కడుపులో తిప్పుతుంది. పిల్లలకి కిటికీలు. ఎవరి ఒళ్ళు ఎక్కడ సుఖపడుతుందో అంతా ఆవిడకి నోటికి వచ్చు.

మరి వారం కిందట ఏం చేసిందంటారా? ఆవిడ పనిచేసేది ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో. బల్ల వెనక నిలబడి, పగలంతా ఊళ్ళోవాళ్ళ కార్డులు గీస్తుంది. జీతం పెంచమని ఒకసారి అడిగితే యజమాని, "మీకేంటమ్మా, ఇది చేతిఖర్చుకే కదా, ఇంట్లో ఆయన జీతం ఉందిగా" అన్నాడు. ఆ దుకాణంలో గోడంతా అద్దాలు. ఆ రోజు మధ్యాహ్నం బేరాల్లేవు. ఫ్రేములు తుడుస్తూ తుడుస్తూ తల ఎత్తితే అద్దంలో తను కనిపించింది. ఎవరికో పెట్టి చూపించిన కళ్ళజోడు తన మొహానే ఉండిపోయింది, తీయడం మరిచిపోయింది. చాలాసేపు చూసుకుంది. తర్వాత ఫోను తీసి, సముద్రం ఉన్న ఒక ఊరికి ఒక టిక్కెట్టు తీసింది. ప్రయాణికుల పేర్లు అన్నచోట తన పేరు టైపు చేస్తుంటే ఎవరి పర్సులోనో చెయ్యి పెట్టినట్టు అటూ ఇటూ చూసింది.

సెలవు అడగడానికి వెళ్తే యజమాని వెంటనే, "ఇంట్లో ఎవరికి బాగోలేదమ్మా?" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ పెట్టిన సెలవులన్నీ ఎవరో ఒకరి రోగం మీద పెట్టినవే మరి. 'అందరూ బాగానే ఉన్నారు, నేనే ఊరికి వెళ్తున్నాను' అనాలనుకుంది. కానీ "అత్తగారికి... మోకాలి ఆపరేషను. రెండోది" అనేసింది.

అంత పెద్దావిడ మోకాలి మీద అబద్ధం ఆడింది. ఆ వారమంతా అత్తగారు నడిచి వస్తుంటే ఆవిడ ఆ మోకాలి వంక చూడలేకపోయింది. అడక్కుండానే నూనె రాసింది, దిండు పెట్టింది. "ఏంటే ఈ మర్యాదలు?" అని ముసలావిడకే అనుమానం వచ్చింది.

ఆవిడ తప్పు అక్కడితో ఆగలేదు, ఇంకా లోతుగా ఒకటుంది. అత్తగారి మొదటి మోకాలు కోయించిన రోజు. ఆసుపత్రి కౌంటరు ముందు అత్తగారు చక్రాల కుర్చీలో కూర్చుని, కోడలి చెయ్యి బిగించి పట్టుకుని వణుకుతున్నారు. కౌంటరులో అమ్మాయి డబ్బు కట్టమంది. కోడలు ఆ చెయ్యి విడిపించుకుంది. కళ్ళజోడు పెట్టె తెరిచి, చుక్క లేని కార్డు వెతికింది. ఆ నెలలో దానికి పాయింట్లు రెట్టింపు అన్న మాట బుర్రలో మెరిసింది. సంతోషం లాంటిదేదో కలిగింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత నెల్లాళ్ళు ఆ కాలు ఎత్తి దించింది ఈవిడే, స్నానం చేయించింది ఈవిడే, రాత్రుళ్ళు బాత్రూముకి నడిపించింది ఈవిడే. అవేవీ ఆవిడకి గుర్తుండవు. ఆ మెరుపు ఒక్కటే గుర్తు.

సరే, మన ఆదివారానికి వద్దాం. బీన్సు గిన్నె అక్కడే వదిలేసి ఆవిడ బట్టలారేసే వంకన మేడ మీదికి వెళ్ళిపోయింది. తడి దుప్పటి తీగ మీద వేసి, దాని వెనక నిలబడి ఆలోచించింది. ఆ సాయంత్రం లోపు రద్దు చేస్తే పాయింట్లన్నీ వెనక్కి వస్తాయి. ఎవరికీ తెలియదు. అందరూ హాయిగా వెళ్తారు. దుప్పటి చివరలు సరిచేస్తూ, రద్దు చేసేద్దామనే అనుకుంది.

కింద బల్ల మీద ఫోను మోగింది. అత్తగారు తీశారు.

"అమ్మా, అత్తగారికి ఎలా ఉంది? రెండో మోకాలు ఎప్పుడు కోస్తారట?" అని యజమాని గొంతు. పాపం, మంచితనంతోనే అడిగాడు.

"నేనే ఆ అత్తగారిని. నాకు తెలియకుండా నా మోకాలు ఎవరు కోస్తున్నారు నాయనా?"

ఆవిడ ఖాళీ బకెట్టుతో కిందికి దిగేసరికి మొగుడి చేతిలో ఆవిడ ఫోను. అందులో టిక్కెట్టు తెరిచి ఉంది. కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఏంటిది?" అన్నాడు.

"టిక్కెట్టు."

"అది కనబడుతోంది. ఆ ఊళ్ళో ఎవరున్నారు నీకు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేని ఊరికి ఎందుకు?"

"ఎవరూ లేరనే."

వెటకారంగా అన్నది కాదమ్మా. నిజం నోట్లోంచి జారిపడింది, అంతే. జారాక ఆవిడే బెదిరిపోయింది.

"విన్నావా అమ్మా? మనమందరం కలిసి కూడబెట్టిన పాయింట్లు! ఖర్చు పెట్టింది నేను, తమ్ముడు. ఈవిడగారు ఊరికే కార్డు గీసి, ఒక్కతే షికారుకి పోతుందట."

అత్తగారు కోపంగా అరవలేదు. అరిచినా బాగుండేది. "పోనీలేరా" అని, కోడలి వంక చూసి మెల్లగా అన్నారు. "ఆ రోజు ఆసుపత్రిలో నా చెయ్యి వదిలించుకుని ఆ అట్టముక్క వెతుక్కున్నప్పుడే అనుకున్నాను. నా మోకాలు కోస్తే వచ్చిన పాయింట్లు కదే అవి."

కోడలు తనొక్కతే మోస్తున్నాననుకున్న దాన్ని, అవతలి మనిషి కూడా ఇన్నాళ్ళూ దాచుకుంది! "తప్పే అత్తయ్యా" అంది. "రద్దు చేసేస్తాను."

"ఇప్పుడే చెయ్. స్పీకరు పెట్టు" అన్నాడు మొగుడు.

విమానం కంపెనీకి ఫోను చేసింది. చాలాసేపు పాట వాయించారు. ఆ పాట వింటూ అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు, మధ్యలో సగం తుంచిన బీన్సు. ఆఖరికి ఒక అమ్మాయి గొంతు వచ్చింది, ఉరుకుల పరుగుల గొంతు. టిక్కెట్టు నంబరు అడిగింది, ఆవిడ చెప్పింది. రద్దు అనేలోపు ఆ అమ్మాయే అందుకుంది.

"సీటు కోసమేనా మేడం? మీ ఖాతాలో తీసిన టిక్కెట్లన్నిటికీ ముందే సీట్లు ఎంచుకున్నారు. దీనికొక్కదానికే ఎంచుకోలేదు. ఈ ప్రయాణికురాలికి ఏది ఇష్టం మేడం, కిటికీ పక్కనా, నడవ పక్కనా?"

"నాకా?" అంది ఆవిడ.

"మీరేనా మేడం ప్రయాణికురాలు? సారీ మేడం. ఇన్ని టిక్కెట్లలో మీ పేరు ఇదే మొదటిసారి చూస్తున్నాను, అందుకని..."

ఆవిడకి ఏం చెప్పాలో తెలియలేదు. నిజంగానే తెలియలేదమ్మా. అందరి మోకాళ్ళూ, అందరి కడుపులూ, అందరి అలవాట్లూ తెలిసిన మనిషి, తన ఒళ్ళు ఎక్కడ కూర్చుంటే సుఖపడుతుందో వెతుక్కుంటే లోపల ఖాళీ. రద్దు అన్న మాట నాలిక చివర ఉంది. దాని పక్కనే ఈ ప్రశ్న కూర్చుంది.

"అమ్మా," అంది కూతురు తలుపు దగ్గరి నుంచి, "నీకు విమానమంటే భయం కదా?"

"ఏమోనే. నాకూ తెలియదు" అంది తల్లి. "ఎప్పుడూ ఎక్కలేదు."

పిల్ల తండ్రి వంక చూసింది. తండ్రి టీ కప్పు వంక చూశాడు, అది ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

"హలో మేడం? లైన్లో ఉన్నారా?"

పాతికేళ్ళుగా ప్రతిదానికీ సలహా చెప్పిన అలవాటు కాబోలు, అత్తగారే నోరు తెరిచారు. "నడవ పక్కన తీసుకోవే. కాళ్ళు చాపుకోవచ్చు."

మొగుడు "అమ్మా!" అన్నాడు.

ఆవిడ అత్తగారి వంక చూసింది. చేసిన తప్పు అక్కడే ఉంది, ఆ మోకాలి మీదే ఉంది, ఎక్కడికీ పోలేదు. వచ్చాక దానికి మళ్ళీ నూనె రాయాలి. దుకాణానికి వెళ్ళి నిజం చెప్పాలి. అవన్నీ ఉన్నాయి. బీన్సు గిన్నె మెల్లగా మొగుడి ముందుకి జరిపింది.

"లేదత్తయ్యా" అంది. తర్వాత ఫోను వైపు వంగి, "కిటికీ పక్కన ఇవ్వమ్మా" అంది.

అంతేనమ్మా కథ. దీన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళకండి, మీతో తీసుకెళ్ళండి. ఎక్కడైనా ఎవరైనా, "ఆవిడ రాదులే, ఆవిడకి భయం" అని నవ్వుతూ అంటే, పక్కనున్న ఆవిడ కూడా నవ్వుతుంటే, అక్కడ కూర్చుని ఈ కథ చెప్పండి. తప్పు చేశాననుకుంటూనే కిటికీ అడిగిందని, ఆ ముక్క మాత్రం మరిచిపోకుండా చెప్పండి.