రెండంటే రెండు లీటర్లు కాదు

ఆక్సిజన్ మిషన్లు అమ్మే దుకాణానికి శనివారమే వెళ్ళాలని ముందే నిశ్చయించుకున్నాను. ఆ రోజు జనం ఎక్కువగా వస్తారు. నాకు కావలసింది సాక్షులు.

చెల్లెలికి ఈ సాక్షుల సంగతి చెప్పలేదు. దానికి ఊపిరితిత్తుల జబ్బు. ఇంట్లో గోడ పక్కన ఉన్న పెద్ద మిషను నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ ఇస్తుంటేనే లేచి తిరగగలుగుతోంది. కూతురి దగ్గరికి ఎనిమిది గంటలు బస్సులో వెళ్ళాలి. దారికి వెంట తీసుకెళ్ళే మిషను కావాలి. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చూసిపెట్టక్కా" అంది. ఆ మాటలో ఎగతాళి సగం, నమ్మకం సగం.

మా ఆయన పోయింది ఆ బస్సులోనే, అలాంటి మిషను ఒళ్ళో పెట్టుకునే. రెండేళ్ళయింది.

అది భుజానికి తగిలించుకునే సంచిలో పట్టేది. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా తుస్సుమనేది. "పిల్లి తుమ్ముతోంది" అనేవారు. డాక్టరు చీటీలో రెండు అని ఉంది, మేము మిషను మీద రెండు నొక్కాం. ఈ దుకాణంలోనే దాన్ని కొన్న రోజున, దానితో వచ్చిన చిన్న పుస్తకం తెరిచాను. నేను బడికి వెళ్ళలేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని, ఇప్పటికీ వరస కింద వేలు పెట్టుకునే చదువుతాను. కౌంటరు మనిషి నా వేలు చూశాడు. పుస్తకం లాక్కుని సంచి జేబులో పడేసి జిప్పు మూశాడు.

"రెండంటే రెండు లీటర్లేనమ్మా. దీనికి చదువులెందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

బస్సులో ఆయన నా భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయారు. కాసేపటికి ఏదో కీచుకీచుమని మోగడం మొదలైంది. ముందు సీటు ఆయన్ని తట్టి, "మీ ఫోను మోగుతోంది బాబూ" అన్నాను. "నాది కాదండీ" అన్నాడతను. ఇంక నేను వెతకలేదు. కదిలితే మా ఆయన నిద్ర చెడుతుందనుకున్నాను. దిగాల్సిన చోట లేపబోతే తెలిసింది.

అంతా అయ్యాక ఆ జిప్పు తీశాను. పుస్తకంలో ఎనిమిది భాషల వెనక మన భాష ఉంది. చదవడానికి నాలుగు రోజులు పట్టింది. మిషను మీది అంకెలు లీటర్లు కావని రాసి ఉంది. అది ఆగకుండా గాలి ఇవ్వదు, ముక్కుతో పీల్చినప్పుడు ఒక్కో గుక్క వదులుతుంది. నిద్రలో పైపైన పీల్చినా, నోటితో పీల్చినా దానికి తెలియకపోవచ్చు. తెలియనప్పుడు మోగుతుంది.

శనివారం చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి దుకాణంలో ఆరుగురున్నారు. కౌంటరు మనిషి నన్ను గుర్తుపట్టలేదు. అదే సంచి మిషను తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు.

"పూచిక పుల్లంత బరువు, పెద్దమ్మగారూ. రెండు మీద పెట్టుకుంటే చాలు."

"రెండంటే?"

"రెండు లీటర్లే."

నేను తల ఊపాను. చెల్లెలి ముక్కుకి ఆ మిషను గొట్టం పెట్టించి, వేలికి క్లిప్పు తగిలించాను. ఒంట్లో ఆక్సిజన్ నూటికి ఎంతుందో చూపించే క్లిప్పు అది, తొంభైకి తగ్గకూడదు. తొంభై నాలుగు. తలుపు దాకా వెళ్ళి రమ్మన్నాను. వచ్చేసరికి ఎనభై తొమ్మిది.

"కూర్చుని కళ్ళు మూసుకో. నోరు తెరిచి, నిద్రలో పీల్చినట్టు పీల్చు."

పిల్లి తుమ్ములు ఆగిపోయాయి. కాసేపటికి మిషను కీచుకీచుమంది. రెండేళ్ళుగా నా చెవుల్లో ఉన్నది అదే. కౌంటరు మనిషి ఆపేయడానికి చెయ్యి చాచాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

"మోగనీ."

"అమ్మా, అది..."

"మోగనీ బాబూ. మా ఆయన నా భుజం మీద పోతున్నప్పుడు ఇలాగే మోగింది. నేను ఎవరిదో ఫోననుకున్నాను. పుస్తకం చదివి ఉంటే తెలిసేది. నువ్వు నా చేతిలోంచి లాక్కున్నావు."

అప్పుడు గుర్తుపట్టాడు. ముఖం పాలిపోయింది. అది చూస్తుంటే నా ప్రాణానికి హాయిగా ఉంది. ఇంకా చూడాలనిపించింది. క్లిప్పు మీద ఎనభై ఆరు, ఎనభై నాలుగు. నేను చెయ్యి వదల్లేదు. చెల్లెలు నా కొంగు లాగింది.

"అక్కా, చాలు."

దాని పెదవులు నల్లబడ్డాయి. నేను చెయ్యి వదిలేశాను. మూలనున్న చక్రాల మిషను దగ్గరికి నేనే పరుగెత్తాను. నా చేతికి గొట్టం ఎక్కలేదు. కౌంటరు మనిషే వచ్చి బిగించాడు. అది గుక్కలు కాకుండా ఆగకుండా వదిలే రకం. అయిదు నిమిషాలకి తొంభై మూడు.

చెల్లెలికి మాట రాగానే అంది: "నీ పగకి నా ఊపిరే దొరికిందా?"

జేబురుమాలుతో దాని నుదురు తుడవబోతే చెయ్యి తోసేసింది. తర్వాత మిషను వంక చూసి, "దీన్ని ఈడ్వడానికి ఇంకో ముసలిదాన్ని కొనాలి" అని గొణిగింది.

తండ్రి కోసం సంచి మిషను కొనడానికి వచ్చిన వ్యాను డ్రైవరు, డాక్టరు రాసిన చీటీ నా ముందు పెట్టి అడిగాడు. "మా నాన్నకి ఏది పనికొస్తుందో ఎలా తెలుస్తుందమ్మా?"

"ఆగకుండా ఇవ్వాలా, గుక్కలు చాలా, నిద్రలో మాటేంటి, ఇవి డాక్టరు చేత మాటల్లో రాయించు. అంకె ఒక్కటే రాస్తే ఒప్పుకోకు. కొనేముందు నడిపించి చూడు. బ్యాటరీ ప్రయాణానికి సరిపోతుందా అడుగు."

ఆ తర్వాత కౌంటరు మనిషికి కాగితం ఇచ్చాను. ఏం రాయాలో చెప్పాను. అతను రాసి, అందరికీ వినబడేలా చదివి, కౌంటరు అద్దానికి అంటించాడు: మిషను మీద రెండంటే రెండు లీటర్లు కాదు. అతను చదువుతున్నంతసేపూ వరస కింద నేను వేలు పెట్టే ఉంచాను.

"క్షమించండమ్మా" అన్నాడు.

"నాకు చేతకాదు" అన్నాను.

బస్సులో మేం కొన్న చక్రాల మిషను మా కాళ్ళ మధ్య ఆగకుండా బుసకొడుతూనే ఉంది. విడి బ్యాటరీలు గంటల లెక్క చూసుకుని తెచ్చాం, దారిలో మారుస్తూ వచ్చాను. చెల్లెలు కోపంగానే నా భుజం మీద తల పెట్టి, నోరు తెరిచి నిద్రపోయింది. సగం దారిలో ఎక్కడో కీచుకీచుమంది. క్లిప్పు చూశాను, తొంభై రెండు. చెల్లెల్ని లేపాను. తిట్టింది. ముందు సీటావిడ సంచిలోంచి ఫోను తీసి హలో అంది.

తిరిగి వచ్చాక ప్రతి శనివారం ఆ దుకాణానికి వెళ్తున్నాను. నన్ను చూడగానే అతను అద్దం ముందు నుంచి పక్కకి జరుగుతాడు. కాగితం ఉందో లేదో చూసుకుని వచ్చేస్తాను.