తఖత్‌పూర్ మట్టి, రేకు బకెట్టు

వ్యవసాయ కళాశాల మృత్తికా శాస్త్ర విభాగానికి యాభై ఏళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసే పని జ్యోతిర్మయికి అప్పగించాడు విభాగాధిపతి జానకిరామ్. ఆమె అక్కడ పాఠాలు చెప్పబట్టి ఇరవై రెండేళ్లు. ఆమె తండ్రి పైడిరాజు కూడా అదే విభాగపు ప్రయోగశాలలో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆచార్యుల పేర్లు ఎలాగూ వస్తాయి. నాన్న పేరు ఒక్క వాక్యంలోనైనా ఉండాలని ఆమె కోరిక.

దానికి తగిన చోటూ దొరికింది. నలభై ఏళ్ల కిందట విభాగానికి పేరు తెచ్చిన తఖత్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ల సర్వేకి రెండు వందల పొలాల మట్టి తెచ్చింది పైడిరాజే. సగటు తీసి, ఆ నేలల్లో జింకుకు లోటు లేదని తేల్చారు. పదేళ్ల తర్వాత చూస్తే సగం పొలాల్లో జింకు చాలలేదు. వరి మీద వరి వేసి నేల అరిగిపోయిందని రాసుకున్నారు.

ఆదివారం పొద్దున, రైల్వే పనులకొచ్చిన తెలుగువాళ్లుండే లాల్‌ఖదాన్ పేటలో, ఇంటి వరండాలో పైడిరాజు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఆమె నోటుబుక్కుతో పక్కన కూర్చుంది.

"తఖత్‌పూర్ మట్టి ఎలా తెచ్చేవాడివి నాన్నా?"

"ఏటుంది చెప్పడానికి? పొలంలో పది చోట్ల తవ్వి, బకెట్లో కలిపి, సంచికి అరకేజీ ఎత్తడమే. ఆపీసోళ్లిచ్చిన ప్లాస్టిక్ బకెట్టు పలుగు తగిలి పగిలిపోనాది. కొత్తదడిగితే 'అచ్ఛా, అర్జీ పెట్టు' అన్నారు. ఆ అర్జీ ఇంకా నడుస్తానే ఉంటాది! మా నాన్న రైల్వే కోటర్లో రేకు బకెట్టుండేది, అదట్టుకెల్లిపోనాను. నీలు తోడుకోడానికి లేదని మీయమ్మ తిట్టిపోసినాది. అదీ రాసుకో."

ఆమె పెన్ను ఆగిపోయింది. రేకు బకెట్టుకు జింకు పూత ఉంటుంది. అది మట్టిలో కలిస్తే పరీక్షలో జింకు ఎక్కువ చూపిస్తుంది. అలాంటి బకెట్టు వాడకూడదని మొదటి ఏడాది పిల్లలకు చెప్పేది ఆమే.

"ఏటమ్మీ, అలగైపోనావు?"

డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి. ఏమీ చెప్పకుండా ఆ మంచి వాక్యం రాసేసి ఊరుకోవచ్చు. కానీ అది అబద్ధమని ఇప్పుడు తనకు తెలుసు. మెల్లగా చెప్పింది.

ఆయన చేతులు చేటలోనే ఉండిపోయాయి. "వరి ఆకులు తుప్పు రంగు తిరిగినాయని మరుసటేడు రైతులడిగినారు. నీరెక్కువైందన్నారు అప్పటి సారు. నానూ అదే చెప్పినాను." జింకు చాలని వరికి అదే గుర్తని ఇద్దరికీ ఇప్పుడు తెలుసు. "ఆ బకెట్టు వాడకూడదని నాకెవులూ చెప్పనేదమ్మీ" అన్నాడు.

"తెలుసు నాన్నా. రాస్తే నీ పేరు ఇలా వస్తుంది. వద్దంటే ఆ సర్వే గురించి రెండు ముక్కలు రాసి వదిలేస్తాను."

పైడిరాజు మళ్లీ ఒక కాయ తీసుకున్నాడు గానీ ఈనె తీయలేదు.

"అన్నీ దాంట్లో కలపనేదు. ప్లాస్టిక్‌ది పగిలేతలికి అరవై మూడు సంచులైపోనాయి. అరవై నాలుగో పొలంలో పగిలినాది. ఆ అరవై మూడూ మంచియ్యే. రాయి."

సోమవారం ఆమె బీరువాలోంచి పాత రిజిస్టరు తీసింది. అరవై మూడు వరకు చాలా పొలాల్లో జింకు తక్కువ. ఆ తర్వాత ఒక్కసారిగా పెరిగింది. అక్కణ్నుంచి వేరే ఊరి పొలాలు కదా అని అప్పట్లో ఎవరూ అనుమానించినట్టు లేదు.

ఆమె రాసిన పేజీ జానకిరామ్ రెండుసార్లు చదివాడు.

"ఉత్సవాల పుస్తకంలో మన బకెట్టు బాగోతం తప్పదా మేడమ్?"

"తప్పదు సార్. ఇన్నాళ్లూ నేలదే తప్పన్నాం. ఆ సర్వేలో ఏవి నమ్మొచ్చో తెలిసిన మనిషి ఆయనొక్కడే."

జానకిరామ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కిటికీ అవతల పిల్లలు మట్టి సంచులు దించుతున్నారు.

"ఆచార్యులందరికీ ఇంటిపేర్లు వేశారు" అన్నాడు చివరికి. "ఈయనకి వేయలేదే? అదీ వేయండి."