గంధం వాసనొచ్చే గొంతు

నేను ఒక గిటార్ యాంప్లిఫయర్‌ని. దుకాణంలో వరసగా పేర్చి అమ్మే రకాన్ని కాను. విశాఖపట్నం కంచరపాలెంలో అప్పలస్వామి మాస్టారు నాలుగు నెలలు కూర్చుని, ఒక్కొక్క తీగా చేత్తో అతికించి తయారుచేసిన దాన్ని. ఇందులో కాస్త గొప్ప చెప్పుకుంటున్నానంటే ఒప్పుకుంటాను. నా పెట్టె బొబ్బిలి వీణలకు వాడే పనస చెక్క. కడుపులో పాత రేడియోల్లో ఉండే రకం ఐదు గాజు వాల్వులు, రెండు పెద్దవి, మూడు చిన్నవి. స్విచ్చి వేసిన అరనిమిషం దాకా నేను పలకను. వాల్వులు నారింజరంగులో రాజుకోవాలి, ఒళ్ళు వెచ్చబడాలి. ఆ అరనిమిషం ఆగలేనివాళ్ళకి నేను పనికిరాను.

మాస్టారు ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారు. ఆ రేడియోలు పోయినా వాల్వుల మీద మోజు పోలేదు. నాకు ముందు నలుగురు అన్నలు పుట్టారు, నలుగురూ తిరిగొచ్చేశారు. మాస్టారి పద్ధతే అలాంటిది మరి. పది రోజులు ఇంట్లో పెట్టుకుని వాయించుకోమంటారు, పదో రోజు తానే వచ్చి ఏం నచ్చలేదో చెప్పమంటారు. నచ్చింది చెప్పబోతే వినరు. వంకలు పెట్టమని బతిమాలితే మనుషులు ఊరుకుంటారా? పెట్టారు. మాస్టారు అన్నల్ని విప్పేశారు. నాలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మా పెద్దన్నదే. నేను కూడా తిరిగొస్తే నన్నూ విప్పేసి, పని మానేసి తన పనిబల్లే ఎత్తేస్తానని భార్యకి మాటిచ్చారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా స్క్రూలు వదులైనంత పనయింది.

నన్ను పట్టుకెళ్ళింది వినోదిని. మర్రిపాలెంలో వాళ్ళ పెద్దమ్మ దగ్గర ఉంటుంది, ముగ్గురున్న ఒక బ్యాండులో గిటార్ వాయిస్తుంది. ఎంత బాగా వాయిస్తుందో! తీగ మీద ఆమె వేలు ఒకసారి నిమిరినట్టుంటుంది, ఒకసారి తగువుకొచ్చినట్టుంటుంది. నేను మాత్రం అన్నిటికీ ఒకేలా గరగరలాడేదాన్ని. ఎంత మెల్లగా మీటినా నా గొంతు చీలిపోయేది. ఎనిమిదో రోజున ఫోనులో ఎవరితోనో చెప్పింది, దీనికి అరవడమే తప్ప గుసగుసలాడటం రాదు, ఎల్లుండి ఇచ్చేస్తానని. ఆమె అన్నది నిజం, అందుకే నాకు ఏడుపొచ్చినంత పనయింది.

తొమ్మిదో రోజు ఆయుధపూజ. పెద్దమ్మ సావిత్రమ్మ కుట్టుమిషనుతో మొదలుపెట్టి, మిక్సీ, స్కూటరు, గిటారు అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చింది. పైపైన బొట్టు పెట్టి వదిలేసే మనిషి కాదు ఆవిడ. ప్లగ్గు తీసి, నన్ను వెనక్కి తిప్పి చూసింది. చిన్న వాల్వుల మీద దుమ్ము కనిపించింది. మూడింటినీ లాగి పళ్ళెంలో పెట్టి, శుభ్రంగా తుడిచి, తలా ఒక బొట్టు పెట్టి, మళ్ళీ గుచ్చేసింది. చూడ్డానికి మూడూ ఒకటే, మూడింటికీ తొమ్మిదేసి కాళ్ళు. గుణాలు మాత్రం వేరు. మొదటి చోట ఉన్నది చిన్న చప్పుడునైనా అమాంతం పెంచేస్తుంది. మూడో చోట ఉన్నది నిదానం మనిషి. ఆ రెండూ తారుమారయ్యాయి. నాకు తెలిసింది. కానీ ఎవరైనా మీటితే తప్ప నాకు నోరెక్కడిది?

పూజలో పెట్టినవాటిని ఆ రోజు వాడకూడదు. మర్నాడు విజయదశమి, నన్ను తిరిగిచ్చేసే రోజు. వినోదిని నన్ను గుమ్మం దగ్గరికి జరుపుతుంటే, పూజ చేసిన వస్తువుని పలికించకుండా పంపకూడదని పెద్దమ్మ పట్టుబట్టింది. సరేనని స్విచ్చి వేసింది. ముందు గంధం వాసన లేచింది. అరనిమిషం గడిచింది. వినోదిని సన్నగా మీటింది.

గొంతు చీలలేదు! తేటగా, గుండ్రంగా, వేలు తీగను వదిలే చిన్న చప్పుడుతో సహా పలికాను. ఆమె చటుక్కున ఆగి నావైపు చూసింది. ఇంకాస్త గట్టిగా మీటింది, అంచుల్లో గరుకు తేలింది. ఇంకా గట్టిగా మీటితే గర్జించాను. చెయ్యి తగ్గిస్తే నేనూ తగ్గాను. నాలో ఇంత గొంతుందని నాకే తెలియదు! కిటికీ రెక్కలు అదిరాయి, పెద్దమ్మ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయింది. గంటన్నరసేపు వినోదిని నన్ను వదల్లేదు.

అప్పుడే నన్ను తీసుకుపోవడానికి మాస్టారు ఆటోలో దిగారు. నిలబడే, ఏం నచ్చలేదో చెప్పమన్నారు. జవాబుగా వినోదిని వాయించింది. ఆయన మొహం మారిపోయింది. అది ఆయన కట్టిన గొంతు కాదు. ప్లగ్గు లాగి వెనక్కి వంగి చూస్తే, వాల్వుల మీద కుంకుమ బొట్లు.

"వీటినెవులు ముట్టుకున్నారు?"

"నానే బాబూ. దుమ్ము తుడిసి బొట్టెట్టినాను," అంది పెద్దమ్మ.

మాస్టారు తువ్వాలుతో పట్టుకుని మొదటి, మూడో వాల్వులు లాగారు. బొటనవేలితో గంధం తుడిచి నంబర్లు చదివారు. ఒక్కో చేతిలో ఒక్కోటి పట్టుకుని తూచినట్టు చూశారు. నలభై ఏళ్ళ పనితనం ఒకవైపు, ఒక పెద్దావిడ పొరపాటు ఒకవైపు. నేను హడలిపోయాను. చివరికి పెద్దమ్మ గుచ్చిన చోట్లలోనే వాటిని గుచ్చి, మళ్ళీ వాయించమన్నారు. విని, నేలమీద కూలబడ్డారు.

"తిరిగొచ్చిన ఆ నాలుగింటికీ ఇదే రోగం, మొదటి సోట దూకుడు వాల్వు. నాను తెలుసుకోనేకపోయినాను," అన్నారు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

కానీ పద్ధతి పద్ధతే. నచ్చనిది ఒక్కటైనా చెప్పి తీరాలన్నారు. వినోదిని బాగా ఆలోచించింది.

"ఈ గంధం వాసన నాలుగు రోజుల్లో పోతుంది మాస్టారూ. అదొక్కటే నచ్చలేదు."

మాస్టారి పనిబల్ల ఇంకా కంచరపాలెంలోనే ఉంది. నా తర్వాత ఏడుగురు తమ్ముళ్ళు పుట్టారు, ఒక్కడూ తిరిగి రాలేదు. ఎవరి ఇంటికి వెళ్ళేముందైనా ఆటోలో మర్రిపాలెం వచ్చి, మొదటి వాల్వుకి పెద్దమ్మ చేత బొట్టు పెట్టించుకుని మరీ వెళతారు. నా బొట్టు మాత్రం వేడికి ఎప్పుడో నల్లబడిపోయింది. అయినా స్విచ్చి వేసినప్పుడల్లా గంధం వాసన వస్తోందంటుంది వినోదిని. మాడిన గంధానికి వాసనెక్కడిది? మనుషులు అంతే. నేను మాత్రం కాదనకుండా, ఆ అరనిమిషం ఆమెను ఆ వాసన పీల్చుకోనిస్తాను.