పెంకుల షెడ్డులో తెల్లదారం

గాలి.

ముందు గాలి వచ్చేది. తరువాతే మనుషులు వచ్చేవారు.

కాలువ మీదుగా, కొబ్బరితోటల మీదుగా, సముద్రపు ఉప్పుతడిని కాస్త మోసుకుంటూ వచ్చేది. పెంకుల ఫ్యాక్టరీ షెడ్డుకు గోడలు లేవు. స్తంభాలు, పైన కప్పు — అంతే. గాలి ఒక వైపు దూరి, మరో వైపు పోయేది. పోతూ పోతూ, అరల మీద పేర్చిన పచ్చిపెంకుల్లోంచి గుప్పెడు తడిని పట్టుకుపోయేది.

పచ్చిపెంకుకు ఎండ పనికిరాదు. ఎండలో పెడితే వంకర పోతుంది. దానికి నీడ కావాలి. నీడలో గాలి కావాలి. అందుకే ఆ షెడ్డుకు ఎవరూ, ఏనాడూ, గోడ కట్టలేదు.

ఆడవాళ్ల మాటలకూ గోడ లేదు. షెడ్డులో సూరమ్మ ఒక మాట విసిరితే, కాలువ అవతలి గట్టున గేదెలు కడుగుతున్నవాళ్లు నవ్వేవారు.

ఆ నవ్వు మెర్సీకి తెలుసు. దూరం నుంచి తెలుసు.

సూరమ్మ ఆమెకు అక్క. అయినా అక్క పనిచేసే షెడ్డులో మెర్సీ ఏనాడూ అడుగు పెట్టలేదు.

పెట్టనివ్వలేదు.

నరసాపురం చుట్టుపక్కల, వాళ్లుండే పేటలో, ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుంటే ఒకరి చేతులు పొడిగా ఉంచుతారు. ఆ చేతులు బూడిద ముట్టవు. అంట్లు తోమవు. పేడ కలపవు. మట్టి పిసకవు. అది లేసు చెయ్యి. లేసు దారం గరుకును ఓర్చుకోదు.

మరి ఆ పిల్ల తోమని అంట్లు ఎవరు తోముతారు?

రెండో పిల్ల.

అమ్మ ఒకనాడు ఇద్దరి అరచేతులూ పట్టి చూసింది. చిన్నదాని చెయ్యి పట్టుకునే ఉంది. పెద్దదాని చెయ్యి వదిలేసింది. అంతే. ఆ వదలడంలోనే సూరమ్మ జీవితం మట్టిలోకి నడిచింది.

"నువ్వు తడపకే."

మెర్సీ చిన్నతనమంతా ఆ మాటే. బిందె దగ్గర అదే మాట. పొయ్యి దగ్గర అదే మాట. వానలో కూడా అక్క తన కొంగుతో కప్పింది చెల్లెలి తలను కాదు — చేతులను.

ఏళ్లు గడిచాయి. ఒకరి చేతులు తెల్లగా మిగిలాయి. మరొకరివి బట్టీలోంచి వేడి చల్లారని పెంకులు దింపి దింపి, వేసవిలో నీరు తీసిన లంకనేలలా నెర్రెలు విచ్చాయి. తెల్లని చేతులను చూసి లేసు సంఘంవారు మెర్సీని టీచరును చేశారు.

ఊళ్లన్నీ స్లాబు ఇళ్లయ్యాయి. బంగాళాపెంకు అడిగేవారు లేకపోయారు. బట్టీ చల్లారింది. పొగగొట్టం ఇటుకల సందున రావిమొక్క మొలిచింది. ఖాళీ అరల మధ్య గాలి మాత్రం వస్తూనే ఉంది... ఆరబెట్టడానికి ఏమీ లేక, వచ్చిన దారినే పోతూ.

ఫ్యాక్టరీవారి మనవడు గణేష్‌బాబు మంచివాడే. స్థలం అమ్ముకుని పోలేదు. ఒక సాయంత్రం పాత పనివాళ్లనందరినీ పిలిచి, పొగగొట్టం నీడలో కూర్చోబెట్టాడు. లేసు సంఘం తరఫున మెర్సీ కూడా వెళ్లింది.

"రెండు దారులున్నాయండి," అన్నాడు. "రొయ్యల కంపెనీవారు అద్దెకు అడుగుతున్నారు, రొయ్యలు వలిచే షెడ్డు పెడతారట. కాదంటే లేసు కేంద్రం. ఏది పెట్టినా ముందు పని మీకే. తాతగారి మాట అది. ఏది కావాలో మీరే చెప్పండి."

"రొయ్యల కంపు మాకేం కొత్తండి?" అంది నాగదుర్గ. బట్టీ నోట్లో కట్టెలు వేసిన మనిషి ఆమె. "మా ఆయన నోటి కంటే నయమే గదా!"

పొగగొట్టం కింద నవ్వు దొర్లింది.

ఆ నవ్వు ఆగకముందే మెర్సీ లేచింది. పదిమందిలో నోరు విప్పడం ఆమెకు అలవాటు లేదు.

"రొయ్యల పనంటే రోజంతా ఐసునీళ్లలో చేతులండి. వేళ్లు పుళ్లు పడతాయి. లేసైతే కూర్చుని చేసుకునే పని. ఫ్యాను కింద. నేను నేర్పుతాను. అందరికీ నేర్పుతాను."

అందరికీ.

ఎవరూ అడగకుండానే అంది ఆ మాట.

దారం గరుకును ఓర్చుకోదని ఆమెకు తెలియదా? తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసింది అదొక్కటే. కాని ఆ సాయంత్రం ఆమెకు అక్క చేతులు కనబడలేదు. అక్క ముఖమే కనబడింది. ఒక్కసారి... ఒక్కసారి ఆ ముఖం ఫ్యాను కింద చల్లగా కూర్చుంటే చూడాలనిపించింది.

కనికరానికీ కళ్లుండవు కాబోలు.

ఆడవాళ్లంతా సూరమ్మ వైపు చూశారు. సూరమ్మ చెల్లెలి వైపు చూసింది. చూసి, చెయ్యెత్తింది. ఆమె ఎత్తాకే అందరూ ఎత్తారు.

ఆకాశం వైపు లేచిన అన్ని చేతులు. అన్నీ ఎర్రనివే.

అప్పుడైనా చూడవలసింది.

షెడ్డుకు గోడలు లేచాయి.

లేసుకు దుమ్ము పడదు. అందుకని గోడలు. గోడలకు అద్దాల కిటికీలు. కిటికీలకు రబ్బరు అంచులు. ఎర్రటి నేల మీద తెల్లటి టైల్సు పరిచారు. పొగగొట్టానికి సున్నం వేశారు. బట్టీలో ఇప్పుడు దారం పెట్టెలు పేర్చారు. చెమ్మ చేరని చోటు ఆ ఊళ్లో అదొక్కటే. నిప్పు నిండిన కడుపులో ఇప్పుడు తెల్లని దారపు ఉండలు, గుడ్లలాగా, మౌనంగా...

పెంకుల ఆడవాళ్లు తలంటి పోసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. కొత్తగా బడిలో చేరిన పిల్లల్లా లేసు అల్లే కొక్కేలు పట్టుకున్నారు.

దారం కదిలింది.

దారం ఆగింది.

వేళ్ల నెర్రెల్లో చిక్కుకుంది. కాయలు కాసిన చోట చిట్లింది. నూలు లేచి నురుగయింది. విడిపిస్తే మరో చోట పట్టుకుంది. గోదారికి అడ్డంగా నాటిన కర్రలకు నాచు చుట్టుకున్నట్టు, తెల్లదారం ఆ వేళ్లకు చుట్టుకుంది.

కొబ్బరినూనె రాసుకుని వచ్చారు. దారం మీద మరకలు పడ్డాయి. గంజిలో చేతులు నానబెట్టుకుని వచ్చారు. దారం అతుక్కుంది. పనికిరాని లేసుపువ్వులు మెర్సీ బల్ల మీద పోగుపడ్డాయి. చూసి పక్కన పెట్టవలసింది ఆమే. టీచరు ఆమే గదా.

"టీచరు గారూ," అంది నాగదుర్గ, చిక్కుపడ్డ దారాన్ని ఎత్తి చూపుతూ. "పడవకు మోకు కావాలంటే చెప్పండి, పేనేస్తాను. ఈ సాలెపురుగు ఉద్యోగం మాత్రం నా వల్ల కాదండి."

అందరూ నవ్వారు. నాగదుర్గ అందరికంటే గట్టిగా నవ్వింది. మర్నాడు ఆమె రాలేదు.

ఆమె తరువాత ఇంకొకరు. ఇంకొకరి తరువాత ఇద్దరు. ఎవరూ తగవుకు రాలేదు. ఎవరూ మెర్సీని నిలదీయలేదు. కొక్కేన్ని బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని, తలుపు నెమ్మదిగా వేసి పోయారు. ఖాళీ అయిన కుర్చీల్లోకి దూరపు ఊళ్ల నుంచి పొడిచేతుల పిల్లలు వచ్చి కూర్చున్నారు. వాళ్ల వేళ్ల మధ్య దారం చేపపిల్లలా జారింది.

సూరమ్మ ఒక్కతే మిగిలింది.

చెల్లెలి మాట నిలబెట్టడానికి మిగిలింది.

ఆ వారం కొనుగోలుదారు మనిషి సరుకు చూసుకోవడానికి వస్తానన్నాడు. నూలు లేచిన పువ్వు కనబడితే, అల్లిన మనిషి ఇక పనిలో ఉండకూడదన్నాడు. సూరమ్మ పెట్టెలో ఉన్నది ఒక్కటే పువ్వు. వాడి, నలిగి, గోధుమరంగు తిరిగిన పువ్వు.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక స్త్రీల సమాజానికి అందరూ కూర్చున్నారు. మెర్సీ తలనొప్పని చెప్పి లేచి వచ్చేసింది. ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసుకుని, కొక్కెం పట్టింది. విశ్రాంతిదినాన ఆమె ఏనాడూ కొక్కెం ముట్టలేదు. ఆ మధ్యాహ్నం ముట్టింది. దూరం నుంచి కీర్తన వినిపిస్తూంటే, ఒక్కొక్క కుట్టూ ఒక్కొక్క అబద్ధంలా, తెల్లగా, వరుసగా, అందంగా పడింది.

సోమవారం సూరమ్మ పెట్టె తెరిచింది.

"ఇదెవరిదే?"

"నీదే అక్కా. కాస్త సరిచేశాను."

"సరిచేశావా? కుంటికోడిని దాచేసి నెమలిని పెట్టి సరిచేశానంటావేంటే, దొంగమొహమా!"

పక్క కుర్చీల పిల్లలు కిసుక్కుమన్నారు. సూరమ్మ కూడా నవ్వింది. నవ్వు పూర్తయ్యాక పువ్వును అరచేతిలోకి తీసుకోబోయి, ఆగి, బల్ల మీదే ఉంచి చూసింది.

"ఈ చేతుల్ని ఇన్నేళ్లు కాపాడినదాన్ని," అంది మెల్లగా. "వీటి అల్లిక పోల్చుకోలేనా?"

"తప్పు నాదే అక్కా..."

"తప్పేంటే? ముందు చెయ్యెత్తింది నేను గదా."

తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. సూరమ్మ ఆ రెండూ చేయలేదు. తన పాతపువ్వును వెతికి తీసుకుంది. కొంగున ముడివేసుకుంది. తలుపు నెమ్మదిగా వేసింది.

రొయ్యల కంపెనీ మొగల్తూరు దారిలో వేరే షెడ్డు చూసుకుంది. పొద్దున్నే వ్యాను వస్తుంది. నాగదుర్గ అందులోనే ఎక్కుతోంది. ఇప్పుడు సూరమ్మ కూడా. పేట వాకిట్లో దొరకవలసిన పని, అంతదూరం పోయి దొరికింది.

సాయంత్రాలు అక్క తిరిగి వస్తుంది. ఇద్దరి ఇళ్లకూ పెరడు ఒకటే, కుళాయి ఒకటే. ఐసులో నాని నాని ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. చిన్నప్పటి నుంచీ ఎర్రగా ఉన్న ఆ వేళ్లు... ఇలా తెల్లబడాలా?

ఒక సాయంత్రం మెర్సీ ఉండబట్టలేకపోయింది. అక్క తోమాల్సిన గిన్నెల ముందు తను కూర్చుంది. పీచు అందుకుంది. బూడిదలో చెయ్యి పెట్టింది. గరుకు తగిలింది. ఇంకా గట్టిగా రుద్దింది. అరచెయ్యి మండాలి, చీలాలి, నెర్రెలు పడాలి — అప్పుడైనా, అప్పుడైనా...

సూరమ్మ వచ్చి గిన్నె లాక్కుంది.

"ఏంటే ఈ వేషాలు? తడపకు. పొద్దున్న దారం పట్టాలి గదా."

"నాకొద్దు అక్కా ఈ చేతులు."

సూరమ్మ కుళాయి కింద చెల్లెలి చేతులు పెట్టి, బూడిద కడిగి, తన చీరచెంగుతో వేలు వేలునా తుడిచింది.

"నీకొద్దంటే ఎలాగే," అంది. "ఇవి ఒక్క నీవేనా?"

తెల్లారింది.

లేసు కేంద్రం ఎదురుగా రోడ్డు మీద రొయ్యల వ్యాను ఆగింది. పేట ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కుతున్నారు. సూరమ్మ ఏదో అంది. నాగదుర్గ ఆమె భుజం మీద ఒక్కటి చరిచింది. వ్యాను నిండా నోళ్లు తెరుచుకున్నాయి. తలలు వెనక్కి వాలాయి.

నవ్వుతున్నారు.

ఏ మాటకో మెర్సీకి తెలియలేదు. కిటికీ అద్దం ఇవతల ఆమె నిలుచుంది. ఆమె వెనుక తెల్లని గది, తెల్లని దారం, తలలు వంచుకున్న పిల్లల తెల్లని చేతులు. ఏ చప్పుడూ లేదు.

వ్యాను కదిలింది. రోడ్డు మీద ఎర్రదుమ్ము లేచింది.

కాలువ వైపు నుంచి వచ్చింది గాలి... గోడను తడుముతూ, కిటికీ అంచులను తడుముతూ, ఒకప్పుడు దూరిపోయిన చోటు కోసం వెదుకుతూ —